పట్టపగటి చుక్క

పాఠ్యభాగ ఉద్దేశం

కంటికి ఎదురుగా ఉన్నదాన్ని కూడా ఎక్కడ వెతకాలో తెలియనప్పుడు మనం చూడలేము. పగటివేళ శుక్రగ్రహాన్ని మామూలు కంటితో గుర్తించే పద్ధతిని, అందుకు నావికుల ఆకాశశాస్త్రం తోడ్పడే తీరును తెలియజేయడం, పరిశీలనలో నిజాయితీకి ఉన్న విలువను విద్యార్థులకు బోధపరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

"పట్టపగలే చుక్కలు కనబడ్డాయి" అనే జాతీయం తెలుగునాట వినని వారుండరు. భరించరాని కష్టం వచ్చి, కళ్ళు బైర్లు కమ్మినప్పుడు ఆ మాట వాడతాం. పగలు చుక్కలు కనబడవు, కనబడ్డాయంటే మనిషికి ఏదో ఆపద వచ్చిందన్నమాట. ఈ భావన మీదనే ఆ పలుకుబడి నిలిచింది. చుక్కల విషయంలో ఇది చాలావరకు సత్యమే. కాని ఆకాశంలో ఒక జ్యోతి ఈ నియమానికి లొంగదు. ఏ ఆపదా లేకుండా, ఏ యంత్రమూ లేకుండా, సూర్యుడు వెలుగుతుండగానే దాన్ని చూడవచ్చు. అది శుక్రుడు.

శుక్రుడు మనకు కొత్తవాడు కాడు. తెల్లవారుజామున తూర్పున మెరిసే వేగుచుక్క అతడే. కొన్ని నెలల తరువాత సంధ్యవేళ పడమట దర్శనమిచ్చేదీ అతడే. మన పెద్దలు పెళ్ళి ముహూర్తానికి పంచాంగం తిరగవేసి "శుక్ర మూఢం ఉన్నది, ఆగాలి" అనడం మీరు వినే ఉంటారు. శుక్రుడు సూర్యునికి మరీ దగ్గరగా చేరి, ఆ కాంతిలో కలిసిపోయి కనబడకుండా ఉండే కాలమే మూఢం. ఎంత దగ్గరైతే కనబడడు? దీనికి సూర్యసిద్ధాంతం లెక్క చెప్పింది. సాధారణ గమనంలో ఉన్న శుక్రునికి 10 కాలాంశలు, వక్రగమనంలో ఉన్నప్పుడు 8 కాలాంశలు హద్దుగా నిర్ణయించింది. ఒక కాలాంశ అంటే నాలుగు నిమిషాల కాలం. వక్రగతిలో శుక్రుడు భూమికి దగ్గరై బింబం పెద్దదిగా ఉంటుంది కనుక, సూర్యునికి మరికొంత చేరువలో ఉన్నా కంటికి అందుతాడు. ఈ సూక్ష్మాన్ని దూరదర్శిని పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే మనవారు గ్రహించారు. మూఢం గడిచిన తరువాత శుక్రుడు మళ్ళీ కనబడతాడన్నది అందరికీ తెలిసినదే. సంధ్యలలోనే కాక పగలంతా కనబడగలడన్నది మాత్రం కొందరికే తెలుసు.

శుక్రుని ప్రకాశానికి కారణం ఆ గ్రహాన్ని కప్పి ఉన్న దట్టమైన మేఘాలు. అవి తమ మీద పడిన సూర్యకాంతిలో దాదాపు నాలుగింట మూడు వంతులను తిరిగి పంపుతాయి. మన చంద్రుని నేల ఎనిమిదో వంతును మాత్రమే తిప్పి పంపుతుంది. అంతేకాక శుక్రుడు సూర్యునికి భూమి కంటె దగ్గరగా తిరుగుతున్నాడు. కాబట్టి ఒకే పరిమాణం గల ముక్కను తీసుకొని పోల్చితే చంద్రుని కంటె శుక్రుడే ఎక్కువ కాంతిమంతుడు. అయినా పగటిపూట చంద్రుడు అందరికీ కనబడతాడు, శుక్రుడు ఎవరికీ కనబడడు. భేదం పరిమాణంలో ఉంది. చంద్రబింబం మన కంటి వద్ద సుమారు అర డిగ్రీ కోణం చేస్తుంది. శుక్రబింబం ఎంత పెద్దదైనా దాదాపు డిగ్రీలో అరవయ్యో వంతు మాత్రమే. విశాలమైన నీలాకాశంలో అది సూదిమొన తాకిన చోటు మాత్రమే.

ఇక్కడ కంటి స్వభావం కూడా అడ్డుపడుతుంది. చూడడానికి ఏ ఆధారమూ లేని ఖాళీ ఆకాశంలోకి చూసినప్పుడు మన కన్ను అనంత దూరానికి సర్దుకోదు. కొద్ది గజాల దూరంలోనే నిలిచిపోతుంది. అప్పుడు సూదిమొన వంటి వెలుగు అలుక్కుపోయి నీలిమలో కరిగిపోతుంది. జాతరలో తప్పిపోయిన పిల్లవాణ్ణి జనమంతా గాలించి పట్టుకోవడం కష్టం. "వేపచెట్టు కింద, బొమ్మల దుకాణం పక్కన నిలుచున్నాడు" అని ఎవరైనా చెబితే క్షణంలో దొరుకుతాడు. శుక్రుని సంగతీ అంతే. ఆ వేపచెట్టు గుర్తును చెప్పే విద్యే నావికుల ఆకాశశాస్త్రం.

నడిసముద్రంలో ఉన్న నావికునికి దారి చెప్పే రాళ్ళు లేవు. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు, నక్షత్రాలు అతనికి మైలురాళ్ళు. సెక్స్టెంట్ అనే కోణమాపకంతో ఒక జ్యోతి దిగంతరేఖకు ఎంత ఎత్తున ఉన్నదో కొలుస్తాడు. నావికా పంచాంగంలో ఆ క్షణానికి ఆ జ్యోతి స్థానం ఎక్కడో చూస్తాడు. రెండింటినీ కలిపి తన ఓడ ఎక్కడ ఉన్నదో తెలుసుకుంటాడు. కొలతలో డిగ్రీకి అరవయ్యో వంతు పొరపాటు దొర్లినా సముద్రంపై ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు, తేడా వస్తుంది. పగలు ఒక్క సూర్యుణ్ణి కొలిస్తే ఓడ ఒక రేఖ మీద ఎక్కడో ఉన్నదని మాత్రమే తెలుస్తుంది. అదే సమయంలో శుక్రుణ్ణి కూడా కొలవగలిగితే రెండో రేఖ దొరుకుతుంది. రెండు రేఖలు ఖండించుకున్న చోటే ఓడ ఉంటుంది. అందుకే నేర్పరి అయిన నావికుడు ముందుగా లెక్క వేసి, సెక్స్టెంట్‌ను ఆ కోణానికి అమర్చి, ఆ దిక్కుకు తిప్పి పట్టపగలే శుక్రుణ్ణి పట్టుకుంటాడు. అతనికి చుక్క స్థానం తెలుసు, తన స్థానం కావాలి. మన పని దానికి తలకిందులు. మన స్థానం మనకు తెలుసు, చుక్క స్థానం కావాలి. లెక్క మాత్రం ఒక్కటే.

నేను నివసించే కొంపల్లిని ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్ వైపు వెళ్ళే 44వ జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊరి అక్షాంశం ఉత్తరం సుమారు 17.5 డిగ్రీలు, రేఖాంశం తూర్పు సుమారు 78.5 డిగ్రీలు. భూమికి అక్షాంశం ఉన్నట్లే ఆకాశ జ్యోతికి 'క్రాంతి' ఉంటుంది. ఖగోళ విషువద్వృత్తానికి అది ఎన్ని డిగ్రీలు ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నదో క్రాంతి చెబుతుంది. మన నెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే ఊహారేఖ యామ్యోత్తర రేఖ. ప్రతి జ్యోతీ తూర్పు నుండి పడమరకు పోతూ ఆ రేఖను దాటే క్షణంలో అత్యంత ఎత్తున ఉంటుంది. ఆ క్షణంలో దిక్కు వెతకనవసరం లేదు. మనకంటె దక్షిణపు క్రాంతి గల జ్యోతి సరిగ్గా దక్షిణాన నిలుస్తుంది. అక్షాంశానికి, క్రాంతికి గల భేదాన్ని 90 నుండి తీసివేస్తే దాని ఉన్నతి వస్తుంది.

శుక్రుని క్రాంతి దక్షిణం 17.5 డిగ్రీలు అనుకుందాం. మన అక్షాంశం ఉత్తరం 17.5. దిశలు వేరు కనుక భేదం 35 డిగ్రీలు. దానిని 90 నుండి తీసివేస్తే 55. అంటే శుక్రుడు దక్షిణాన 55 డిగ్రీల ఎత్తున ఉంటాడు. చేయి బారచాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. పిడికిలి మీద పిడికిలి పేర్చినట్లు దిగంతం నుండి ఐదున్నర పిడికిళ్ళు లెక్కించాలి. ఇంకా కచ్చితంగా కావాలంటే, మీ జామెట్రీ పెట్టెలోని కోణమాని మధ్యబిందువుకు దారం కట్టి, చివర చిన్న బరువు వేలాడదీయండి. కోణమాని నిలువు అంచు వెంట చూపు సారించి పైకెత్తితే, దారం ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే ఉన్నతి. పది రూపాయల ఖర్చు లేని ఈ పరికరం సెక్స్టెంట్‌కు పేద బంధువు.

ఇక కాలం. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశం మీది కాలాన్ని చూపుతాయి. కొంపల్లి దానికి 4 డిగ్రీలు పడమరగా ఉంది. ఒక డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మన మధ్యాహ్నం 16 నిమిషాలు ఆలస్యం. భూకక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, భూమి అక్షం వాలి ఉండడం అనే రెండు కారణాల వలన ఏడాది పొడవునా ఇంకొన్ని నిమిషాల హెచ్చుతగ్గులు వస్తాయి. జనవరి రెండో వారంలో ఈ అదనపు ఆలస్యం సుమారు 7 నిమిషాలు. అంటే ఆ రోజులలో కొంపల్లిలో సూర్యుడు యామ్యోత్తర రేఖను దాటేది 12 గంటలకు కాదు, 12 గంటల 23 నిమిషాలకు. శుక్రుడు సూర్యుని కంటె 3 గంటల 20 నిమిషాలు ముందు నడుస్తున్నాడనుకుంటే, అతడు ఆ రేఖను దాటేది ఉదయం 9 గంటల 3 నిమిషాలకు. ఈ అంకెలు ఊహించినవి కావు. 2019 జనవరి రెండో వారంలో శుక్రుడు దాదాపు ఇలాగే ఉన్నాడు. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ఏటా వెలువరించే ఖగోళ పంచాంగంలో ఇటువంటి వివరాలన్నీ లభిస్తాయి.

ఉత్తర దక్షిణాలను తెలుసుకోవడానికి దిక్సూచి చాలదా అని మీరు అడగవచ్చు. మేడల పైకప్పులలోని ఇనుప కడ్డీలు దిక్సూచి ముల్లును పక్కకు లాగుతాయి. మన ప్రాచీనుల శంకువే ఇక్కడ నమ్మదగినది. చదునైన నేల మీద ఒక వృత్తం గీసి, దాని కేంద్రంలో నిటారుగా ఒక పుల్ల నిలపాలి. ఉదయం పుల్ల నీడకొన వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, సాయంత్రం తిరిగి తాకిన చోట మరొక గుర్తు పెట్టాలి. ఆ రెండింటినీ కలిపే గీత తూర్పు పడమరలు. దానికి లంబంగా కేంద్రం గుండా గీచినది ఉత్తర దక్షిణాలు. ఈ విధానం సూర్యసిద్ధాంతంలోని త్రిప్రశ్నాధికారంలో ఉంది. పగలు రాత్రి సమానమైన విషువ దినాన, 12 అంగుళాల శంకువుకు మధ్యాహ్నం పడే నీడను 'పలభ' అన్నారు. ఊరి అక్షాంశాన్ని ఆ నీడతోనే చెప్పేవారు. కొంపల్లి పలభ దాదాపు 3.8 అంగుళాలు. మార్చి 21 ప్రాంతంలో మీ మేడ మీద కొలిచి చూడండి.

లెక్క వివరించాను. ఇక ఆ లెక్కలో నేను చేసిన తప్పును కూడా చెప్పాలి. ఆ 2019 జనవరిలో కొందరు విద్యార్థులను మేడ మీదికి తీసుకువెళ్ళాను. క్రాంతి, ఉన్నతి సరిగానే కట్టాను. కాని సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటేది 12 గంటలకే అనుకొని, అందులో నుండి 3 గంటల 20 నిమిషాలు తీసివేశాను. 8 గంటల 40 నిమిషాలకు అందరం దక్షిణంగా తిరిగి నిలుచున్నాం. మంచు పొగ పలుచగా ఉంది. దుండిగల్ వైపు శిక్షణ విమానం ఒకటి గిరికీలు కొడుతోంది. శుక్రుడు లేడు. తొలి గంట మోగగానే దిగిపోయాం.

మరునాడు ఆకాశం కడిగినట్లు ఉంది. నిమిషం గడవకముందే ఒక విద్యార్థి "అదిగో" అని కేక వేశాడు. ఆ వెంటనే మరొకడు, మరి నలుగురు "కనబడింది సార్" అన్నారు. నేనూ ఒక తెల్లని బిందువును చూశాను. పుస్తకంలో తేదీ, సమయం వేసి రాయబోతున్నాను. వెనుక నిలుచున్న ఒక అమ్మాయి మెల్లగా, "సార్, నాకు కనబడటం లేదు" అన్నది. కళ్ళద్దాలు తుడుచుకో అని ఎవరో అన్నారు, కొందరు నవ్వారు. ఆమె మళ్ళీ చూసింది. "లేదు సార్. నాకు కనబడలేదు" అన్నది. అప్పుడు నాకు సందేహం కలిగి, మాట్లాడకుండా ఎవరికి వారు వేలితో చూపమన్నాను. వేళ్ళు నాలుగు దిక్కులకు పోయాయి. నేను చూసిన తెల్లని బిందువు కొద్దిగా ఊగింది. కాసేపటికి దాని దారం కూడా ఎండలో మెరిసింది. సంక్రాంతి రోజులు కదా, అది గాలిపటం!

ఆ పూట సిగ్గుపడవలసిన వాణ్ణి నేనే. అందరూ చూశామన్నారు కనుక నేనూ చూశాననుకున్నాను. ఆ మధ్యాహ్నం మేడ మీద శంకువు నీడను గమనించాను. 12 గంటలకు నీడ ఇంకా కురచనవుతూనే ఉంది. అది అత్యల్పమైనది 12 గంటల 23 నిమిషాలకు. పొరపాటు దొరికింది. 23 నిమిషాలంటే ఆకాశంలో దాదాపు 6 డిగ్రీలు. మేము చూస్తున్న చోటుకు అరపిడికిలికి పైగా ఎడమన, తూర్పు పక్కన, శుక్రుడు రెండు రోజులూ వెలుగుతూనే ఉన్నాడు. మేము గంట విని మెట్లు దిగిపోయిన కొద్ది నిమిషాలకే సరిగ్గా మేము వెతికిన చోటికి వచ్చి ఉంటాడు.

మూడో రోజు మొదటి పీరియడుకు అనుమతి తీసుకొని 9 గంటలకు మెట్లగది పడమటి నీడలో నిలుచున్నాం. సూర్యుడు ఆగ్నేయంలో గోడ చాటున ఉన్నాడు. ముందు దూరాన ఉన్న భవనాల అంచును కొంతసేపు చూడమని, కన్ను దూరానికి అలవాటు పడిన తరువాత అదే చూపును పైకి జరపమని చెప్పాను. ఎవరూ కేక వేయకూడదు, కనబడినవారు గోడ వద్దకు వచ్చి కోణమానితో కొలిచి కాగితం మీద రాసుకోవాలి అన్నాను. ఒకరి తరువాత ఒకరు వచ్చారు. కాగితాలన్నీ 53కు, 57కు మధ్యనే ఉన్నాయి. ఆ అమ్మాయి అందరికంటె చివర వచ్చింది. కొలిచి 55 అని రాసి, "ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఇప్పటిదాకా ఎట్లా చూడలేదు సార్!" అన్నది. పుస్తకంలో ఆనాటి తేదీ వేసింది ఆమె మాట విన్న తరువాతనే.

అది నిజంగా విచిత్రమైన దృశ్యం. దొరికేవరకు ఏమీ ఉండదు. దొరికిన క్షణం నుండి తెల్లని ముత్యపు గింజ వలె నిలకడగా కనబడుతుంది. ఒక్కసారి చూపు పక్కకు తిప్పితే మళ్ళీ మాయమవుతుంది.

ఈ విద్యలో తెలుగువారికి ఘనమైన పూర్వచరిత్ర ఉంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల స్థాపించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లని చుక్క వలె దాటిపోయినప్పుడు నరసింగరావు విశాఖ నుండి దానిని పరిశీలించారు. ఆ ఫలితాలను లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ తన పత్రికలో ప్రచురించింది. ఆ సంక్రమణ కాలాన్ని వేర్వేరు చోట్ల నుండి కొలిచి, భూమికి సూర్యునికి మధ్య దూరాన్ని నిర్ణయించాలని ఆనాటి శాస్త్రజ్ఞుల తపన. ఆ దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లని నేడు మనకు తెలుసు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఆ సంక్రమణాన్ని గురించి సామాన్యులకు అర్థమయ్యేలా చిన్న పుస్తకం రచించారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారి, నక్షత్రాల ఛాయాచిత్ర పట్టిక తయారీలో ప్రపంచ వేధశాలలతో పాలుపంచుకొన్నది. 2004 జూన్ 8న, 2012 జూన్ 6న శుక్ర సంక్రమణాలు మన దేశంలో కనబడ్డాయి. ఇక తరువాతిది 2117లో. అది మన తరానికి అందని వేడుక. కాని పగటి శుక్రుడు అలా కాదు. సుమారు 584 రోజులకొకసారి అతని ఉదయ సాయంకాల దర్శన చక్రం పూర్తవుతుంది. అటువంటి ఐదు చక్రాలకు ఎనిమిదేళ్ళు పడతాయి కనుక 2019 జనవరి నాటి అమరిక 2027 జనవరిలో మళ్ళీ వస్తుంది.

లెక్కలు కట్టడానికి వెనుకాడేవారికి సులభమైన దారి ఒకటి ఉంది. నెలకొకసారి చంద్రరేఖ శుక్రుని దాపుకు వస్తుంది. 2023 మార్చి 24 సాయంత్రం నెలవంక చెంతనే శుక్రుడు నిలిచిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. అటువంటి రోజున పగలే చంద్రుణ్ణి పట్టుకుంటే అతడే శుక్రుణ్ణి చూపుతాడు. కన్నుకు కావలసిన దూరపు ఆధారమూ అతడే. మరొక దారి, వేకువన వేగుచుక్కను పట్టుకొని సూర్యోదయం దాటేవరకు చూపు విడువకపోవడం.

ఒక హెచ్చరిక మాత్రం మరువకండి. సూర్యుణ్ణి నేరుగా చూడరాదు. ఎల్లప్పుడూ గోడ లేదా చెట్టు నీడలో, సూర్యుడు పూర్తిగా చాటున ఉండేలా నిలవాలి. సూర్యుడు ఆకాశంలో ఉన్నంతసేపు బైనాక్యులర్లు, దూరదర్శినులు తెలిసిన పెద్దల పర్యవేక్షణ లేకుండా వాడకూడదు. సూర్యకిరణం కంటి వెనుక పొరను కాల్చివేసినా నొప్పి తెలియదు. పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. వామనుని కథలో శుక్రాచార్యుడు ఒక కన్ను పోగొట్టుకున్నాడని చెప్పుకుంటారు. అతణ్ణి చూడబోయి మనం కళ్ళు పోగొట్టుకోరాదు.

పగటి చుక్కను చూడడం వలన పరీక్షలో మార్కులు రావు, బతుకు తెరువూ దొరకదు. అయినా నేను ఏటా వీలున్నప్పుడల్లా విద్యార్థులను మేడ మీదికి పిలుస్తాను. కనబడనంత మాత్రాన లేదనుకోరాదని ఆకాశం చెబుతుంది. పదిమంది చూశామన్నంత మాత్రాన ఉన్నదనుకోరాదని నాకు ఆ గాలిపటం చెప్పింది. లెక్క సరిచూసుకోవడం, కనబడనప్పుడు కనబడలేదని చెప్పగలగడం, ఈ రెండూ ఉన్నవారికి పట్టపగలే చుక్క కనబడుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

జాతీయం = ప్రత్యేకార్థంలో వాడుకలో స్థిరపడిన మాట, పలుకుబడి
మూఢం = గ్రహం సూర్యకాంతిలో కనబడకుండా పోయే కాలం
కాలాంశ = నాలుగు నిమిషాల కాలానికి సమానమైన కోణం
వక్రగమనం = గ్రహం వెనుకకు నడిచినట్లు తోచడం
దిగంతం = నేల, ఆకాశం కలిసినట్లు కనబడే చోటు
ఉన్నతి = దిగంతం నుండి కొలిచిన ఎత్తు
యామ్యోత్తర రేఖ = దక్షిణోత్తరాలను కలిపే ఆకాశరేఖ
శంకువు = నీడను కొలవడానికి నిలువుగా నిలిపిన పుల్ల
వేధశాల = ఆకాశ జ్యోతులను పరిశీలించే స్థలం
సంక్రమణం = దాటిపోవడం
దాపు = దగ్గర, సమీపం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కొంపల్లి నుండి పగటిపూట శుక్రుని స్థానాన్ని లెక్కించే విధానాన్ని వివరించండి.
2. రచయిత మేడ మీద మూడు రోజుల పరిశీలనలో ఏమి జరిగిందో, దాని వలన ఏమి గ్రహించాడో రాయండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. శుక్రుడు చంద్రుని కంటె కాంతిమంతుడైనా పగలు సులభంగా కనబడకపోవడానికి కారణాలేమిటి?
2. శంకువు సహాయంతో దిక్కులను ఎట్లా నిర్ణయిస్తారు?
3. ఖగోళ పరిశీలనలో విశాఖపట్నం వేధశాల స్థానమేమిటి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. సార్, నాకు కనబడటం లేదు.
2. పేద బంధువు.

ఈ) మీ ఊరి అక్షాంశాన్ని తెలుసుకొని, క్రాంతి ఉత్తరం 8 డిగ్రీలు గల జ్యోతి యామ్యోత్తర రేఖను దాటేటప్పుడు ఎంత ఉన్నతిలో ఉంటుందో లెక్కించండి.